చిన్న కోత

నేరియో అరచేతిలో లోషన్ ఒంపుకుని, గడ్డం గీసిన చెంపలకి అద్దుకున్నాడు. చర్మం చుర్రుమంది, అంతే. సీసాలో నీళ్ళు కలిశాయేమోనన్న అనుమానంతో మళ్ళీ ఒంపుకున్నాడు. ఇంకోసారి మూత తీస్తుంటే వంటింట్లోంచి వల్నేయా తుమ్మింది.

"ఏమయ్యా, అద్దం ముందు పెళ్ళికొడుకులు ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కణ్ణేనే."

"ఇక్కడికి ఊరేగింపంతా ఉన్నట్టుంది. కడుక్కో. ఆ మొహంతో ద్రాక్షతోటలోకి వెళ్తే చిగుళ్ళు రాలతాయి."

అతను మొహం కడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. మనిషి పొట్టి. కాళ్ళు కాస్త విల్లులా వంగాయి. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు, వాటి మధ్య ముక్కు. సందు మలుపులో ముందు ముక్కు కనబడుతుంది, ఆ తర్వాత నేరియో వస్తాడు అని కోర్మొన్స్ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ ముక్కుతోనే అతను పెళ్ళాన్ని పోషించాడు, ఇల్లు కట్టాడు, జుట్టు నెరిసేదాకా వచ్చాడు. ఫిబ్రవరిలో పట్టిన జలుబు పోతూ పోతూ ఆ ముక్కు లోపల ఉన్నదంతా పట్టుకుపోయింది. డాక్టరు లైటు వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. అలాంటి మాటలు నేరియో జీవితమంతా బేరాల్లో విన్నాడు. రాదని దాని అర్థం.

కొండ మీద ద్రాక్ష పండించి వైన్ తీసేవాళ్ళకీ, కింద ఊళ్ళలో దాన్ని గ్లాసుల్లో పోసి అమ్మేవాళ్ళకీ మధ్య అతను దళారి. సొంతానికి ఒక్క తీగ లేదు, ఒక్క పీపా లేదు. పీపా ఒకడిది, కొట్టు ఇంకొకడిది, మధ్యలో మాట మాత్రం నేరియోది. అలాంటి మనిషి ఆస్తి లెక్క వేస్తే తేలేవి ముక్కు, నాలుక, నోరు. ముక్కు పోయింది. ముక్కు పోతే నాలుక సగం పోయినట్టే. ఇక మిగిలింది నోరు. నోరొక్కటే పెట్టుబడిగా బతికేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళలో చేరాలని నేరియో ఎప్పుడూ అనుకోలేదు.

అయినా జలుబు తర్వాత కూడా బేరాలు చేశాడు. మొహాలు చూసి చేశాడు. సరుకులో లోపం ఉన్నవాడు నీ చేతిలోని గ్లాసు వంక చూస్తాడు. ధీమా ఉన్నవాడు నీ కళ్ళలోకి చూస్తాడు. ఎటూ చూడకుండా వాతావరణం గురించి మాట్లాడేవాడు నీళ్ళు కలిపాడు. ఈ లెక్కతో ఇన్నాళ్ళూ ఒక్క బేరమూ చెడలేదు. అతన్ని భయపెట్టింది అదే. కష్టపడకుండా వచ్చిన లాభం ఏదో ఒక రోజు ఇంకొకడి నెత్తిన నష్టమై కూర్చుంటుందని వ్యాపారం చేసిన ప్రతివాడికీ తెలుసు.

వంటింటి గుమ్మం దగ్గర రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. వల్నేయా అక్క గ్రాదోలో, సముద్రం ఒడ్డున, తన మేడ మీది గదులు వీళ్ళకి ఇచ్చింది. మధ్యాహ్నం బస్సుకి ప్రయాణం. ఊళ్ళో ఇంకా ఎవరికీ తెలియదు.

"అక్కడ నీ ముక్కుతో పనిలేదు," అంది వల్నేయా కాఫీ పోస్తూ. "చేపల బజారు పక్కనే ఇల్లు. వాసన తెలియకపోవడం అక్కడ లాభం."

"ఒక్క పీపా మిగిలింది. అది తేల్చేసి వస్తా."

"తేల్చి రా. తేలుతూ రాకు."

వల్నేయా పుట్టి బుద్ధెరిగాక వైన్ ముట్టలేదు. ఆమె తాగేది నారింజ సోడా. వైన్ దళారికి అలాంటి పెళ్ళామే ఉండాలని నేరియో అంటాడు. ఇంట్లో ఒకరైనా తూలకుండా నిలబడాలి కదా.

మూడు చక్రాల ట్రాలీ బండి తొట్టిలో గడ్డి అల్లిక వేసిన పెద్ద గాజు బుడ్డిని తాళ్ళతో కట్టి, అతను కొండదారి పట్టాడు. చెర్రీ చెట్లు పూత రాల్చి పిందె పట్టాయి. ద్రాక్ష చిగుళ్ళు వేలెడంత పొడుగు సాగాయి. అలవాటు కొద్దీ కిటికీ దించి గాలి పీల్చాడు. చల్లగా తగిలింది. అంతకు మించి ఆ గాలి ఏమీ చెప్పలేదు.

దొరీనో వాకిట్లో బకెట్టు బోర్లించుకుని కూర్చుని ట్రాక్టరు గొలుసుకి గ్రీజు రాస్తున్నాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకుని, కలిసి బడి మానేసినవాళ్ళు.

"ఏరా ముక్కోడా, మంగలి షాపులో గాని పడ్డావా? కొండ కింద నుంచే కంపు."

"నీకోసమేరా. నీ ట్రాక్టరు వాసన కప్పడానికి."

"కూతురు లోపల ఉంది. రాత్రంతా నిద్రపోలేదు. తొందరగా కాదని చెప్పేసి నన్ను బతికించు. సోమవారం అంటు కట్టేవాడొస్తున్నాడు."

దొరీనో చెడ్డవాడు కాడు, లెక్క తెలిసినవాడు. ఇంటి వెనక వాలు మీది తీగలు అతని తండ్రి నాటినవి. మొద్దులు ముసలివాళ్ళ మణికట్లలా మెలితిరిగాయి, కాపు పలచబడింది. కింద మైదానంలో అందరూ బుడగల వైన్ ద్రాక్షకి మారిపోయారు. లోకానికిప్పుడు బుడగలు కావాలి. ముసలి తీగల తలలు రంపంతో కోసి, ఆ మొద్దుల మీదే బుడగల ద్రాక్ష అంటు కట్టించేద్దామని దొరీనో తీర్మానించాడు. కూతురు ఒనేలియా అడ్డం పడింది. మంజానోలో కుర్చీల ఫ్యాక్టరీ మూతపడి ఇంటికొచ్చిన పిల్ల. పోయిన ఏడు ఆ వాలుని తనే పెంచి, తనే కోసి, తనే వైన్ తీసింది. తండ్రీ కూతుళ్ళు కొట్టుకుని కొట్టుకుని చివరికి ఒక మాట మీదికి వచ్చారు. కింద ఊళ్ళో తుల్లియో వైన్ కొట్టులో ఏడాదంతా పోసే తెల్ల వైన్‌గా ఇది కుదిరిందా, తీగలు ఉంటాయి. కుదరలేదా, సోమవారం రంపం. తుల్లియో మరి నేరియో తెచ్చిన పీపా తప్ప తీసుకోడు.

ఇంటి కింది నేలమాళిగలో చల్లగా ఉంది. ఒనేలియా చెవుల దాకా జుట్టు కత్తిరించుకున్న పొడుగుపాటి పిల్ల. వేళ్ళకి ఇంకా కుర్చీల వార్నిష్ మరకలు పోలేదు. గాజు గొట్టం పీపాలోకి దించి, బొటనవేలితో మూసి పైకి లాగి, గ్లాసులోకి వదిలింది. అంచున కొంచెం ఒలికింది.

వైన్ ఎండుగడ్డి రంగులో ఉంది. వెలుతురుకి పట్టుకుంటే అంచున ఆకుపచ్చ చాయ. నేరియో గ్లాసు తిప్పాడు, ముక్కు లోపలికి దూర్చాడు, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. తాళం పడ్డ ఇంటి ముందు నిలబడ్డట్టుంది. నోట్లో పోసుకుని పుక్కిలించాడు. నాలుక పక్కల పులుపు తగిలింది, సరైన చోటే తగిలింది. మధ్యలో బరువుంది. మింగాక చివర్న చేదు, బాదం గింజ పొట్టు నమిలినప్పటి చేదు, అదీ ఉంది. ఆ ద్రాక్షకి ఆ చేదు ఉండాలి. ఎముకలన్నీ ఉన్నాయి. కానీ మొహం కనబడలేదు. మంచి ఎముకల మీద ఎలాంటి మొహమైనా ఉండొచ్చు.

కళ్ళు తెరిచి పిల్ల వంక చూశాడు. ఆమె గ్లాసు వంక చూడటం లేదు, అతని కళ్ళలోకీ చూడటం లేదు. పిల్లాణ్ణి ఆపరేషన్‌కి లోపలికి పంపిన తల్లి తలుపు వంక చూసినట్టు పీపా వంక చూస్తోంది. తన సరుకు మంచిదో కాదో తనకే తెలియని మొహం అది. అలాంటి మొహం నేరియో లెక్కలో ఎప్పుడూ తగల్లేదు.

"ఎలా ఉంది బాబాయ్?"

"చెప్పరా," అన్నాడు గుమ్మంలోంచి దొరీనో.

అవునని చెప్పడం సుళువు. తర్వాత తుల్లియో గ్లాసుల్లోంచి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే, పీపా తిరిగొస్తుంది, తీగలూ పోతాయి, పిల్ల పేరూ పోతుంది. కాదని చెప్పడం ఇంకా సుళువు. తనకేమీ నష్టం లేదు, మధ్యాహ్నం బస్సు ఉంది. ఇలాంటి రెండు సుళువుల మధ్య ఇరుక్కున్నప్పుడు బేరాన్ని ఇంకో చోటికి మార్చాలని అతని గురువు చెప్పేవాడు.

"ఇక్కడ చెప్పను," అన్నాడు. "ఇది పట్నం వాళ్ళు సీసా ముందు పెట్టుకుని మూతి సున్నా చుట్టి తాగే వైన్ కాదు. కోతకి పోసేది. కోత ఎక్కడ పడుతుందో అక్కడే తేలాలి. బుడ్డి నింపు."

ఆ వైపు చిన్న గ్లాసు తెల్ల వైన్‌ని తయూత్ అంటారు, చిన్న కోత అని. పనికి పోతూ ఒక కోత, మధ్యలో ఒక కోత, శవాన్ని సాగనంపి వచ్చాక ఒకటి, బారసాలకి ఒకటి. రోజుని ఒక్కసారిగా మోయలేక ముక్కలు కోసుకుంటారని నేరియో చెప్పే అర్థం. అసలు అర్థం ఎవరికీ తెలియదు.

"అంటే నీకూ తెలియలేదా?" అన్నాడు దొరీనో.

"తెలిస్తే నీకు ముందు చెబుతానా? నువ్వు మధ్యాహ్నం కిందికి రా. ట్రాక్టరు మాత్రం ఇక్కడే ఉంచి రా."

తుల్లియో కొట్టు చర్చి వెనక సందులో ఉంది. కింద దాకా దిగిన కప్పు, పొగచూరిన దూలాలు, నడిమధ్య రాతి పొయ్యి, కిటికీ పక్క బల్ల మీద పేకాట. తుల్లియో లావాటి మనిషి, భుజం మీద తుడిచే గుడ్డ లేకుండా అతన్ని ఎవరూ చూసి ఉండరు.

"ఏం తెచ్చావన్నా?"

"పేరు చెప్పను. రోజూ పోసేదాని బదులు ఇది పొయ్యి. ఎవరితోనూ అనకు. నువ్వు కూడా తాగకు, నీ మొహంలో ఏదీ దాగదు."

తుల్లియో ఒక్క క్షణం అతని ముక్కు వంక చూశాడు. బుడ్డిని కౌంటరు వెనక్కి మోసుకెళ్ళాడు. వెనకే సైకిలు మీద వచ్చిన ఒనేలియాని చూసి నేరియో, "నువ్వు ఇక్కడుంటే అందరికీ అర్థమైపోతుంది. వంటింట్లోకి పో. ఆస్పరాగస్ కాడలున్నాయి, తొక్క తియ్యి," అన్నాడు. ఆమె తలుపు వెనక కాడలు ముందేసుకుని కూర్చుంది గానీ, చెవులు రెండూ ఇవతలే ఉన్నాయి.

పేకాటలో పెద్ద నోరు ఒత్తావియోది. రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. అతనికొక పంతం ఉంది. కొన్నేళ్ళ కిందటిదాకా ఈ తెల్ల వైన్ పేరు తొకాయ్. ఆ పేరు మాదని హంగేరీ వాళ్ళు పట్టుబట్టి గెలిచారు. అప్పట్నుంచి సీసా మీద ఆ పేరు వెయ్యకూడదు, ఫ్రియులానో అనాలి. మిగతావాళ్ళు నాలుగు రోజులు తిట్టి, తర్వాత ఏదో ఒకటి అనడం మొదలెట్టారు. ఒత్తావియో మాత్రం, "పాత పేరు అనకూడదంటే కొత్త పేరు నేననను," అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు. అప్పట్నుంచీ మొగుడి పేరు చెప్పని ఇల్లాలిలా వేలు చూపించి "అది" అంటాడు. వేరే ఊరు వెళ్తే అక్కడివాళ్ళకి అర్థంకాక నీళ్ళిచ్చారట ఒకసారి. ఆ నీళ్ళు తాగలేదు కూడా.

తుల్లియో గ్లాసులు నిండుగా పోసి బల్ల మీద పెట్టాడు. నేరియో కౌంటరు చివర తన ఎత్తు స్టూలు మీద కూర్చుని, వాళ్ళ మొహాలు చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాడు. పేకాటలో జోడీకి ముక్క తెలియడానికి కన్నుకొట్టి, మూతి తిప్పి సైగలు చేసుకునే జనం వాళ్ళు. వాళ్ళ మొహాల్ని నమ్మడానికి లేదు. చెయ్యి మాత్రం అబద్ధమాడదు.

"తుంటి ఎలా ఉందిరా?" ఒత్తావియోని అడిగాడు అతని జోడీ మేని, ఒక గుక్క తాగి.

"కొత్తది వేశారు. పాతది నాకిమ్మంటే ఇవ్వలేదు."

"పాతది ఏం చేసుకుంటావ్?"

"కుక్కకి. నా జీవితమంతా మోసిన ఎముక, నా కుక్క తింటే తప్పా?"

నవ్వుకున్నారు. ముక్కలు పడ్డాయి. చేతులు గ్లాసుల దగ్గరకి వెళ్ళాయి, వచ్చాయి. ఒత్తావియో బావమరిది బజార్లో అమ్మే ఆస్పరాగస్ సన్నగా ఉందని మేని అన్నాడు. మా బావమరిది కూడా సన్నమేనని ఒత్తావియో అన్నాడు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. తుల్లియో మళ్ళీ నింపాడు. ఇంకో ఆట పంచారు. మేని ముక్క దాచాడని ఒకడు, దాచలేదని ఇంకొకడు. వైన్ గురించి ఎవ్వరూ ఒక్క మాటైనా అనలేదు.

ఒనేలియా తలుపు సందులోంచి వచ్చింది. ముంజేతికి ఆస్పరాగస్ తొక్కలు అంటుకుని ఉన్నాయి.

"అయిపోయింది బాబాయ్," అంది గొంతు తగ్గించి. "ఒక్కళ్ళు కూడా ఏమీ అనలేదు."

"అనకూడదు."

"అదేంటి?"

"బాగోలేకపోతే మొదటి గుక్కకే తుల్లియో తాత దాకా తిట్టేవాళ్ళు. మరీ గొప్పగా ఉంటే 'అబ్బో, ఏం వైన్' అని ఒక గ్లాసు తాగి, రెండోది పాతదే పొయ్యమనేవాళ్ళు. రోజూ తాగాల్సింది మాట ఆపకూడదు. మీ అమ్మ సంకటిని మీ నాన్న ఎప్పుడైనా పొగిడాడా?"

"లేదు."

"మిగిల్చాడా?"

ఒనేలియా కిటికీ పక్క బల్ల వంక చూస్తూ నిలబడింది. నమ్మకం కుదరలేదని నేరియోకి తెలుస్తూనే ఉంది. నిజానికి అతనికీ పూర్తిగా కుదరలేదు. మాట్లాడకపోవడం సగం ఒప్పుకోవడమే. సగం ఒప్పుదలతో దొరీనో రంపాన్ని ఆపలేం.

అప్పుడే ఒత్తావియో ఆసు కొట్టి ఆట గెలిచాడు. గెలుపు హుషారులో ఖాళీ గ్లాసుని బల్ల మీద తాటించి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"తుల్లియో, ఇంకో తొకాయ్ పొయ్యి."

పేకముక్కలు కలుపుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏంట్రా అలా చూస్తారు? మేనీ, పంచు," అన్నాడు ఒత్తావియో.

"ఇప్పుడేమన్నావ్?"

"పంచమన్నా."

"అంతకు ముందు."

ఒత్తావియో తనన్నది గుర్తు చేసుకున్నాడు. చెవి తమ్మెల దగ్గర మొదలైన ఎరుపు మెడ దాకా పాకింది.

"నేననలేదు."

"అన్నావ్," అన్నాడు తుల్లియో. "కాస్త మెల్లిగా అను, హంగేరీ వాళ్ళు వింటారు."

ఒత్తావియో గ్లాసు అడుగున మిగిలిన చుక్కల వంక చూశాడు. దాన్ని వంచి నాలుక మీద వేసుకుని, ఆ రోజు మొదటిసారిగా, తాగుతున్నదేమిటో ఆలోచించాడు.

"అన్నానేమోరా," అన్నాడు చివరికి. "అది అదే కాబట్టి నోటికొచ్చుంటుంది. ఎవరిది ఇది?"

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒనేలియా ముంజేతికి అంటుకున్న తొక్కల్ని లాగి పారేస్తూ అటు తిరిగి నిలబడింది.

దొరీనో వచ్చేసరికి బుడ్డి సగానికి దిగింది. గుమ్మంలో నిలబడి గదినంతా ఒకసారి చూసి, విషయం అర్థమై, టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు. కౌంటరు దగ్గరకి వచ్చి, ఒక గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. ఏమీ అనలేదు. ఇంకోదానికి గ్లాసు చాపాడు.

"చూశావా," అన్నాడు నేరియో పిల్లతో.

బేరం ముగించే పద్ధతి ఆ ఊళ్ళో ఒకటే. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ దళారి కలుపుతాడు. కలిపాక తన అరచేతి అంచుతో ఆ రెండు చేతుల మీదా ఒక్క దెబ్బ వేస్తాడు. దాన్ని కూడా కోతే అంటారు. ఆ కోత పడ్డాక మాట వెనక్కి పోదు. తుల్లియో చెయ్యి చాపాడు. అలవాటు ప్రకారం దొరీనో తన లావాటి చెయ్యి ముందుకు పెట్టాడు. నేరియో ఆ మణికట్టు పట్టుకుని పక్కకి జరిపి, ఒనేలియా చెయ్యి లాగి తుల్లియో చేతిలో పెట్టాడు.

"తోట నాది రా," అన్నాడు దొరీనో.

"తోట నీదే. వైన్ ఆమెది." దెబ్బ వేశాడు.

"అంటు కట్టేవాడికేం చెప్పను?"

"తల కోయడానికి ఇంకెవరినైనా వెతుక్కోమను."

దొరీనో గొణుక్కుంటూ పేకాట బల్ల దగ్గరకి పోయి కూర్చున్నాడు. వెనక్కి తిరిగి కూతురి వంక చూసి, చూడనట్టు మళ్ళీ ముక్కలు సర్దుకున్నాడు. మీసం కింద నవ్వు మాత్రం దాగలేదు. తుల్లియో ఉడికిన గుడ్డు ఒకదాన్ని రెండు చెక్కలుగా కోసి పళ్ళెంలో పెట్టి, ఉప్పు గిన్నె పక్కన పెట్టి, నేరియో ముందుకి జరిపాడు. పక్కన ఒక నిండు గ్లాసు. ఒనేలియా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడైనా చెప్పు బాబాయ్. పొద్దున నీకెలా అనిపించింది?"

నేరియో గుడ్డు చెక్క మీద ఉప్పు చల్లుకుని తిన్నాడు. ఉప్పు అతన్ని ఇంకా మోసం చెయ్యలేదు. పూలనీ తేనెనీ కలిపి ఈ పిల్లకి ఒక మంచి మాట చెప్పొచ్చు, అలాంటివి అతని నోట్లో ఒక జీవితానికి సరిపడా నిలవున్నాయి. కోత పడిపోయింది కాబట్టి ఇక ఆ సరుకుతో పనిలేదు.

"నాకు తెలియలేదు. జలుబు చేసినప్పట్నుంచీ నాకు వాసన రాదు."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మరి మా నాన్న ముందు కళ్ళు మూసుకుని, అంతసేపు ముక్కు పెట్టి... అదంతా నాటకమా?"

"నాటకం కాదే. వెతుక్కోవడం."

"నాకు తెలుసు," అన్నాడు గ్లాసు తుడుస్తూ తుల్లియో. "మార్చిలో సంకటి మాడి కొట్టంతా పొగ కమ్మింది. అందరూ రోడ్డు మీదికి పరిగెత్తారు. ఈయనొక్కడే కూర్చుని, ఆట ఎందుకు ఆపారని అడిగాడు."

"మరి అడగలేదేం?"

"నువ్వు తెచ్చిన వైన్ బాగానే ఉందిగా అన్నా. అడిగి చెడగొట్టుకోవడం దేనికి."

ఒనేలియా కొంచెంసేపు కోపంగానే ఉంది. తర్వాత ఆ కోపం ఎవరి మీదో తేలక తగ్గిపోయింది. నేరియో నిండు గ్లాసుని ఆమె ముందుకి జరిపాడు.

"ఎముకలు నేను చూశాను. మొహం నువ్వు చెప్పు."

"నేనేం చెప్పగలను? నాకు మీ మాటలు రావు."

"మా మాటలు వద్దు."

ఆమె గ్లాసు ఎత్తి వాసన చూసింది. మొదట సిగ్గుపడింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

"పియర్ పండు."

"పచ్చిదా, పండిందా?"

"పండింది. కానీ ఇంకా గట్టిగా ఉంది. వేలు దిగదు."

"తొక్కతోనా?"

"తొక్కతోనే. వెనకాల తుమ్మపూలు... మన దిగుడుబాట పక్కన ఉంటాయే, తెల్లవి. తెంపినవి కాదు, చెట్టు మీదున్నవి. గాలి అటు నుంచి వస్తున్నప్పుడు."

"ఊఁ."

"ఇంకా కింద... పార తగిలితే మన మట్టిరాయి చిట్లి పొడి లేస్తుంది చూడు, వాన పడిన మర్నాడు. అది. చివర్న బాదం."

"బాదం నాకు తెలిసింది. మిగతాది చెప్పు. పుల్లటి వాసన ఏమైనా, మూలన ఎక్కడైనా?"

ఆమె మళ్ళీ చూసింది, ఈసారి తన సరుకుని కాక ఎవరిదో పరాయి సరుకుని చూస్తున్నట్టు. "లేదు. శుభ్రంగా ఉంది. ఎండలో ఆరిన దుప్పటిలా."

నేరియో గ్లాసు వెనక్కి తీసుకుని ఒక గుక్క తాగాడు. నోట్లో నిలిపాడు. వాసన రాలేదు. కానీ పియర్ తొక్క గరుకు, దిగుడుబాట మలుపు, పార కింద రాయి విరిగిన చప్పుడు ఒక్కొక్కటీ వచ్చి ఆ ఎముకల మీద కూర్చున్నాయి. ఎప్పుడో చూసిన మనిషిని సంతలో గుర్తుపట్టినట్టు అతను తల ఊపాడు.

"మీ తాత మొహమే," అన్నాడు.

ఒనేలియా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అతను రెండో చెక్క తీసుకుని దాని మీద ఉప్పు చల్లుకున్నాడు.

కిటికీలోంచి చూస్తే సందు చివర, రోడ్డు అవతల బస్సు ఆగే చోట వల్నేయా నిలబడి ఉంది, చేతికొక పెట్టె. ఆమె పిలవదు. కొట్టులోంచి మగవాణ్ణి పిలవడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. లోపలివాడు కూడా వెళ్తానని చెప్పకూడదు. చెప్పినవాడికి సాగనంపే కోత ఒకటి పోస్తారు. పోసినవాడికి తిరిగి పొయ్యకుండా పోవడం మర్యాద కాదు, తర్వాత ఇంకొకడు పోస్తాడు. అలా వెళ్తానన్న పాపానికి చీకటి పడేదాకా వెళ్ళలేకపోయినవాళ్ళు ఉన్నారు. అందుకని బుద్ధిమంతులు ఏమీ చెప్పకుండా లేస్తారు.

నేరియో టోపీ పెట్టుకుని స్టూలు దిగాడు.

"బండి తాళం దానికే ఉంది," అన్నాడు ఒనేలియాతో మెల్లిగా. "బుడ్డి ఎలాగూ వెనక్కి తీసుకెళ్ళాలిగా. రెండో గేరు కాస్త మొండిది, బుజ్జగించాలి."

"నువ్వెలా వెళ్తావ్?"

అతను కిటికీ వైపు గడ్డం ఊపాడు. ఆమె రోడ్డు అవతలి మనిషినీ, రెండు పెట్టెల్నీ చూసింది. నోరు తెరిచింది. అతను వేలు పెదవుల మీద పెట్టాడు.

"ఎక్కడికిరా? నీ వంతు పొయ్యాలి," అరిచాడు బల్ల దగ్గర్నుంచి ఒత్తావియో.

"పెరట్లోకి."

"తొందరగా రా. వయసు మీద పడ్డాక అక్కడే ఉండిపోతారు కొందరు."

అతను నవ్వి, పెరటి తలుపు తీసుకుని, చర్చి గోడ వెంబడి చుట్టు తిరిగి రోడ్డు మీదికి వచ్చాడు. వల్నేయా అతని ఊపిరి వాసన చూసి, "పర్లేదు, నడవగలవు," అంది. బస్సు వచ్చింది. ఒక పెట్టె అతను ఎక్కించాడు, ఒకటి ఆమె ఎక్కించింది.

లోపల దొరీనో ముక్క దాచాడని ఒత్తావియో గొడవ పెట్టుకున్నాడు. కుక్కకి ఎముక సంగతి మేని మళ్ళీ తెచ్చాడు. నేరియో ఇంకా రాలేదేమని ఒకరు అడిగితే, వస్తాడులే అని ఇంకొకరు అన్నారు. తుల్లియో బుడ్డి వంచి అందరి గ్లాసులూ నింపాడు. ఒనేలియా నేరియో ఖాళీ చేసిన స్టూలు మీదికి జరిగి కూర్చుంది, ఒకరి వంతు ఒకరు పొయ్యాలి కాబట్టి అతని వంతు తనే పోయించింది. కొట్టంతా మళ్ళీ మాటల్లో పడింది, వైన్ గురించి తప్ప అన్నిటి గురించీ.

తుల్లియో కౌంటరు తుడుచుకుంటూ ఆ చివరికి వచ్చాడు. పళ్ళెంలో గుడ్డు చెక్క ఒకటి మిగిలి ఉంది. దాని పచ్చసొన మీద చల్లిన ఉప్పు ఇంకా కరగలేదు. అతని గుడ్డ ఆ పళ్ళేన్ని కదపకుండా దాని చుట్టూ తిరిగి వెళ్ళింది.